ఏ ఊరి ఉప్పు?

ఆ రోజు పొద్దున్నే మా అబ్బాయి కాఫీ గ్లాసు పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. మంచం అంచున కూచుని, "నాన్నా, మిమ్మల్ని ఒక మాట అడగనా?" అన్నాడు. వాడు ఇలా అనుమతి పుచ్చుకుని అడిగిన సందర్భాలు నాకు గుర్తున్నంతలో రెండే. ఒకటి ఇంజనీరింగులో ఒక పేపరు పోయినప్పుడు, రెండోది పెళ్లప్పుడు. ఇది మూడోది కనక నేనూ సర్దుకుని కూచున్నాను.

"ఒక చిన్న అబద్ధం రాస్తే ఏడాదికి కొన్ని వేల డాలర్లు మిగులుతాయి. పెద్ద అబద్ధం కాదు. చిరునామా, అంతే. తప్పంటారా?"

పోయి పోయి వీడు ఈ ప్రశ్న నన్ను అడిగాడేమిటా అనుకున్నాను. ఎందుకంటే నేను ముప్ఫై ఒక్క ఏళ్లు మునిసిపాలిటీలో పన్నులు వసూలు చేసిన మనిషిని. బిల్ కలెక్టరుగా చేరి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. పన్ను ఎగ్గొట్టడానికి మనిషి బుర్ర ఎన్ని వంకర్లు పోతుందో చూసి చూసి, చివరికి నాకు కోపం రావడం కూడా మానేసింది. "మా వీధిలో లైటు వెలగదు, పన్నెందుకు కట్టాలి?" అనేవాడొకడు. "ఇల్లు మా ఆవిడ పేర ఉంది, ఆవిడ పుట్టింట్లో ఉంది" అనేవాడు ఇంకొకడు. ఒక పెద్దమనిషైతే డాబా మీద వేసిన రెండు గదుల్నీ పదేళ్ల పాటు పావురాళ్ల గూడని దబాయించాడు. పావురాళ్లు గడియ పెట్టుకుంటాయా అని అడిగితే, "ఈ కాలం పావురాళ్లండీ" అన్నాడు.

అయితే మావాడి వ్యవహారం పావురాళ్ల గూడంత తేలిక కాదు. అది అర్థం కావాలంటే ముందు అమెరికాలో పన్నుల సంగతి కొంచెం చెప్పాలి. నేను మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చి ఆరు నెలలైంది. పొద్దు పోక, వాడి పన్ను కాయితాలు చదవడం మొదలుపెట్టాను. కొందరికి డిటెక్టివు నవలల్లో ఉండే రుచి నాకు వాటిలో కనిపించింది. పాత వాసన, ఎక్కడికి పోతుంది?

మన దేశంలో జీతం మీద ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వానిది. రాజ్యాంగంలోనే ఆ పద్దు కేంద్రం జాబితాలో రాశారు. వ్యవసాయాదాయం మీద పన్ను మాత్రం రాష్ట్రాల కిచ్చారు. ఉద్యోగస్థుడి మీద రాష్ట్రం వేసుకోగలిగింది వృత్తి పన్ను. అదీ ఏడాదికి 2,500 రూపాయలకు మించకూడదని రాజ్యాంగమే గిరి గీసింది. అంచేత 2020లో కరోనా వచ్చి బెంగుళూరు, హైదరాబాదు ఆఫీసులు మూతబడి, కుర్రాళ్లంతా లాప్‌టాపులు చంకన పెట్టుకుని ఊళ్లకు వచ్చి, వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని పని చేసినా ఆదాయపు పన్నులో వాళ్లకు తేడా రాలేదు. భీమవరంలో కూర్చున్నా బెంగుళూరులో కూర్చున్నా లెక్క ఒక్కటే.

అమెరికా అలా కాదు. అక్కడ కేంద్రానికి ఒక ఆదాయపు పన్ను, ఆపైన రాష్ట్రానికి ఇంకోటి. 1911లో విస్కాన్సిన్ రాష్ట్రం ఈ పద్ధతిని గట్టిగా పట్టాలెక్కించింది. తరవాత ఒక్కొక్క రాష్ట్రమే అందుకుంది. కొన్ని మాత్రం అందుకోలేదు. టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీ, నెవాడా లాంటి చోట్ల జీతం మీద రాష్ట్రం పన్నే లేదు. మరి బండి ఎలా నడుస్తుందంటారా? అమ్మకం పన్ను దగ్గరో, ఇంటి పన్ను దగ్గరో పిండుకుంటారు. పన్ను లేని ఊరంటూ లేదు. ఏ జేబులోంచి తీస్తారన్నదే తేడా.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక రాష్ట్రంలో కాపురం, ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం అయితే పన్ను ఎవరికి? కాపురమున్న రాష్ట్రం అంటుంది: "నువ్వు మావాడివి. ఎక్కడ సంపాదించినా మొత్తం మీద మాకు పన్ను కట్టు." ఉద్యోగమిచ్చిన రాష్ట్రం అంటుంది: "నువ్వెవరివైనా సరే, మా గడ్డ మీద సంపాదించినదాని మీద మాకు కట్టు." ఇద్దరికీ పూర్తిగా కడితే వీడు మిగలడు. అందుకని కాపురమున్న రాష్ట్రం, "సరే, అక్కడ కట్టింది ఇక్కడ తగ్గించుకో" అని మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపు పూర్తిగా ఇవ్వకపోతే చెల్లదని 2015లో మేరీలాండ్ రాష్ట్రం మీద వచ్చిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తేల్చింది. కొన్ని ఇరుగుపొరుగు రాష్ట్రాలు ఈ తలనొప్పంతా ఎందుకని రాజీ కూడా పడ్డాయి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా అటువంటివే. మీవాళ్ల జీతాలు మీవి, మావాళ్ల జీతాలు మావి.

న్యూజెర్సీకీ న్యూయార్కుకీ మాత్రం అటువంటి రాజీ లేదు. మధ్యనున్నది ఒక్క హడ్సన్ నది. మనకు తాడేపల్లి నుంచి కృష్ణ దాటితే బెజవాడ వచ్చినట్టు, వీళ్లకు నది దాటితే మన్‌హాటన్ వస్తుంది. మావాడు ఏడేళ్లు ఆ నది దాటి న్యూయార్కు కంపెనీలో పని చేశాడు. ఎడిసన్ నుంచి రైలు. అన్నట్టు, ఎడిసన్‌లో దిగితే ఇది పరాయి దేశమని నాకు మొదటి వారం తోచనే లేదు. గోంగూర దొరుకుతుంది, గుడి ఉంది, "ఎప్పుడొచ్చారు బాబాయిగారూ" అని పలకరించేవాళ్లున్నారు.

కరోనా తరవాత మావాడు వారానికి రెండు రోజులే నది దాటేవాడు. మిగతా మూడు రోజులూ ఇంటి కింద బేస్‌మెంటులో కూర్చుని పని. అయినా న్యూయార్కు వాడు అయిదు రోజుల జీతం మీదా పన్ను పుచ్చుకున్నాడు!

ఇదెక్కడి న్యాయమని నేను అడిగితే మావాడు ఒక రూలు చెప్పాడు. యజమాని అవసరం కొద్దీ ఇంటి దగ్గర పని చేస్తే అది ఇంటి రాష్ట్రం లెక్క. ఉద్యోగి తన సౌకర్యం కొద్దీ చేస్తే, అది న్యూయార్కు ఆఫీసులో చేసినట్టే లెక్క. అంటే మనిషి బేస్‌మెంటులో ఉంటాడు, చట్టం కంటికి మన్‌హాటన్‌లో కనిపిస్తాడు. మన పురాణాల్లో మునులు రెండు చోట్ల ఒకేసారి ప్రత్యక్షమయ్యేవారని విన్నాం. పన్ను శాఖ వారికీ ఆ సిద్ధి ఉందని ఇప్పుడు తెలిసింది.

దీని మీద కోర్టుకెక్కినవాళ్లు లేకపోలేదు. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అని ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు. న్యూయార్కులోని కార్డోజో లా కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. కాపురం కనెక్టికట్ రాష్ట్రంలో. కాలేజీకి రాని రోజుల్లో ఇంట్లో కూర్చుని రాతపనీ, చదువూ చేసుకునేవాడు. ఆ ఇంటి రోజుల జీతం మీద న్యూయార్కూ పన్నడిగింది, "మా ఇంట్లోనేగా చేశావు" అని కనెక్టికట్టూ అడిగింది. ఒకే రోజుకి రెండు పన్నులు. ఆయన పోట్లాడాడు. 2003లో న్యూయార్కు అత్యున్నత న్యాయస్థానం ఆయన వాదన కొట్టేసింది. పట్టువదలని విక్రమార్కుడు. కరోనా కాలంలో న్యూయార్కే ఇళ్లలో ఉండమన్నప్పుడు ఇంటి దగ్గర చేసిన పని సంగతేమిటని మళ్లీ దావా వేశాడు. 2023లో పన్ను న్యాయాధికారి దాన్నీ కాదన్నాడు.

ఇంకొకాయన థామస్ హకబీ. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాడు. ఉండేది టెనెసీలో నాష్‌విల్, ఉద్యోగం న్యూయార్కు సంస్థలో. పని దినాల్లో నాలుగో వంతే న్యూయార్కులో గడిపాడు. ఆ నాలుగో వంతుకి పన్ను కడతానన్నాడు. మిగతా ముప్పాతికకీ కట్టమంది న్యూయార్కు. 2005లో ఏడుగురు జడ్జీల్లో నలుగురు న్యూయార్కు పక్షం, ముగ్గురు ఆయన పక్షం. ఒక్క ఓటుతో ఓడిపోయాడు. టెనెసీలో జీతం మీద పన్నే లేదు కనక ఈయనకు అక్కడ తగ్గించుకునేదేమీ లేదు. వందల మైళ్ల దూరాన, అప్పలాచియన్ కొండల కవతల కూర్చుని చేసిన పనికి న్యూయార్కు శిస్తు.

రాష్ట్రాలే ఒకదాని మీదొకటి కోర్టుకు పోయిన వైనం కూడా ఉంది. 2020లో మసాచుసెట్స్ ఒక అత్యవసర నిబంధన పెట్టింది. కరోనాకు ముందు మా రాష్ట్రానికి వచ్చి పని చేసినవాళ్లు ఇప్పుడు ఇంటి దగ్గర చేస్తున్నా, మా దగ్గర చేసినట్టే అంది. పక్కనున్న న్యూ హాంప్‌షైర్లో జీతం మీద పన్ను లేదు. లేకపోవడం ఆ రాష్ట్రానికి ఒక పరువు. "మావాడు మా ఇంట్లో కూర్చుంటే నీకెందుకు శిస్తు?" అని ఏకంగా సుప్రీంకోర్టుకే పోయింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ దావా వినడానికే ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబరులో మసాచుసెట్స్ నిబంధన దానంతటదే గడువు తీరి పోయింది.

ఇదంతా విన్నాక న్యూయార్కువాడు ఒట్టి దోపిడీదారని మీకనిపిస్తే తప్పు లేదు. నాకూ అలాగే అనిపించింది. కానీ ముప్ఫై ఒక్క ఏళ్లు బల్ల కవతల కూర్చున్నవాణ్ణి కనక, అవతలివాడి వైపు నుంచీ ఒకసారి ఆలోచించాను. ఒక కంపెనీలో ఇద్దరు పక్కపక్క బల్లలు. ఒకడు న్యూయార్కులో ఉంటాడు, మొత్తం జీతం మీద కడతాడు. రెండోవాడు తనకు వీలుగా ఉందని నది కవతల ఇంట్లో కూచుని, అదే పని, అదే జీతం, "నేను అక్కడ లేను" అంటాడు. ఆ ఉద్యోగం అసలు పుట్టిందెక్కడ? ఆ కంపెనీ ఆ నగరాన్ని నమ్ముకునే కదా అక్కడ ఉన్నది. ఆ బజారు, ఆ రైళ్లు, ఆ కోర్టులు, ఆ పోలీసులు లేకపోతే ఆ జీతం రాదు. చెట్టు నాదీ, నీళ్లు నేను పోస్తున్నానూ, పండు నీ పెరట్లో రాలిందని మొత్తం నీదంటే ఎలా అని న్యూయార్కు వాదన. అందులోనూ కొంత న్యాయం లేకపోలేదు.

అయితే ఉప్పు అనేది తిన్న చోట కదా లెక్క! ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. ఉప్పు పండిన చోటి విశ్వాసం అనం. రాత్రి రెండింటికి గుండెల్లో నొప్పి వస్తే వచ్చే అంబులెన్సు ఏ రాష్ట్రానిది? మంచు పడితే వీధి ఎవరు శుభ్రం చేస్తున్నారు? పిల్లకు చదువెవరు చెప్తున్నారు? ఆ సేవలన్నీ కాపురమున్న చోటివే. మనిషి పొట్ట ఒక ఊరిదీ, బతుకు ఒక ఊరిదీ అయినప్పుడు ఏ ఊరికి ఎంత బాకీ అన్నది కోర్టులకే తేలలేదు. ముగ్గురు జడ్జీలు ఇటూ, నలుగురు అటూ. మనమెంత?

ఇక మావాడి కొత్త కథకు వస్తాను. ఈ మధ్య వాడు ఉద్యోగం మారాడు. కొత్త కంపెనీ టెక్సస్‌ది. పూర్తిగా ఇంటి దగ్గర నుంచే పని. న్యూయార్కు బెడద పోయింది. ఇలాంటప్పుడు మామూలు సూత్రం ఏమిటంటే, ఉద్యోగి ఏ రాష్ట్రంలో కూర్చుని పని చేస్తే ఆ రాష్ట్రం పన్నుని కంపెనీ జీతంలో పట్టుకుని అక్కడ కట్టాలి. అందుకని చేరేటప్పుడు ఒక ఫారంలో గడి పెడతారు: "మీరు ఏ రాష్ట్రం నుంచి పని చేస్తారు?" న్యూజెర్సీ అని రాస్తే న్యూజెర్సీ పన్ను పట్టుకుంటారు. టెక్సస్ అని రాస్తే పట్టుకోవడానికేమీ లేదు. డాలస్ దగ్గర మా తోడల్లుడి కొడుకు ఇల్లుంది. "మా చిరునామా వాడుకో అన్నయ్యా, ఇక్కడ చాలామంది చేస్తున్నారు" అని వాడే చెప్పాడట. ఉత్తరాలు అక్కడికి వస్తాయి. డ్రైవింగు లైసెన్సు కూడా అక్కడిది తీసుకోవచ్చునట.

"నువ్వు టెక్సస్‌లో ఎన్నాళ్లుంటావు?" అన్నాను.

"సంక్రాంతికి వారం రోజులు వెళ్దామనుకుంటున్నాం."

"మరి మిగతా యాభై ఒక్క వారాలు?"

వాడు నవ్వాడు గానీ, వాదన మానలేదు. వాడివి మూడు వాదనలు. ఏడేళ్ల పాటు న్యూజెర్సీలో ఉండి పన్ను న్యూయార్కుకు పోయింది. న్యూజెర్సీ ఆ మేరకు మినహాయింపు ఇచ్చి ఊరుకుంది. అప్పుడు లేని నష్టం ఇప్పుడేమిటని మొదటిది. చట్టమే ఉన్న మనిషిని లేడనీ, లేని మనిషిని ఉన్నాడనీ అంటోంది కదా, నేనూ ఒకసారి అంటే తప్పేమిటని రెండోది. ఒక్కడి డబ్బుతో ఏ రాష్ట్రమూ మునిగిపోదని మూడోది.

మూడో వాదన నాకు పాత చుట్టం. దాన్ని నేను వేల గుమ్మాల్లో విన్నాను. "నా ఒక్కడి వంద రూపాయలతోనే మీ మునిసిపాలిటీ నడుస్తోందా?" దానికి నా దగ్గర ఒక జవాబుండేది. "ఒక్కడి వందతో నడవదండీ. కానీ ఈ వీధిలో అందరూ ఆ ఒక్కరే."

రెండోది కాస్త బరువైన వాదన. చట్టం కల్పన చేస్తే మనిషి కల్పన చెయ్యకూడదా? దానికి నాకు జెలిన్‌స్కీగారే గుర్తొచ్చారు. "చూడు నాయనా, ఆయనకూ నీకూ తేడా ఉంది. ఆయన నేను ఇక్కడున్నానని నిజమే రాశాడు. ఈ పన్ను అన్యాయం అని బల్ల గుద్ది చెప్పాడు. ఓడిపోయాడు. ఓడిపోయి మళ్లీ లేచాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆయన చిరునామా మారలేదు. మీ రాష్ట్రం కూడా 2023లో ఒక చట్టం చేసి, న్యూయార్కుతో పోట్లాడి గెలిచినవాళ్లకు కొంత పన్ను తిరిగిస్తానని ఆశ పెట్టింది కదా? పోట్లాడాలనుంటే ఆ దారి ఉంది. అన్యాయం అని గట్టిగా అరవడం వేరు, చీకట్లో గోడ దూకడం వేరు. గోడ దూకినవాడు గోడ తప్పని చెప్పలేడు. గోడ అక్కడే ఉంటుంది, తరవాతి వాడికి."

ఇది చెప్పాక నాకు నేనే బాగా మాట్లాడానని అనిపించింది. అలా అనిపించినప్పుడల్లా ఏదో ముంచుకొస్తుందని నాకు అనుభవం.

మొదటి వాదనకు జవాబు మా మనవరాలు తెచ్చింది. ఆ మధ్యాహ్నం పచ్చ బస్సు దిగి, సంచీ సోఫా మీద పారేసి, "తాతయ్యా, మా స్కూల్లో కొత్త లైబ్రరీ!" అంది. ఆ బడికి మేము జీతం కట్టం. పుస్తకాలకు కట్టం. బస్సుకు కూడా కట్టం. మరి ఎవరు కడుతున్నారని పన్ను కాయితాల్లో వెతికాను. వెతికితే ఒక కథ దొరికింది.

న్యూజెర్సీకి 1976 దాకా జీతం మీద పన్నే లేదట. బళ్లన్నీ ఎక్కువగా ఊళ్ల ఇంటి పన్ను మీదే నడిచేవి. డబ్బున్న ఊళ్లో మంచి బడి, లేని ఊళ్లో చెడ్డ బడి. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ముందే చెప్పింది. శాసనసభ నాన్చింది. చివరికి కోర్టు విసిగి, బళ్ల మీద ఖర్చు పెట్టడానికి వీల్లేదని ఆర్డరు వేసింది. 1976 జులైలో రాష్ట్రంలో ప్రభుత్వ బళ్లు మూతబడ్డాయి. వేసవి సెలవులు కనక పిల్లలకు పెద్దగా తెలియలేదు గానీ, పెద్దలకు తెలిసొచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆదాయపు పన్ను చట్టం పాసయింది. ఆ పన్ను డబ్బు ఇంటి పన్ను భారం తగ్గించడానికే వాడాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అందులో పెద్ద భాగం బళ్లకు సాయంగా పోతుంది. అంటే మావాడు రాయనా వద్దా అని ఊగిసలాడుతున్న ఆ గడిలోంచి వచ్చే డబ్బు, చుట్టూ తిరిగి, ఇలాంటి బళ్లకే చేరుతుంది.

సాయంత్రం మావాడికి ఈ కథ చెప్పాను. "ఏడేళ్లు నీ డబ్బు న్యూయార్కుకు పోతూ ఉంటే, ఈ పిల్ల చదువుకు ఇరుగుపొరుగువాళ్లు నీ వంతు కూడా మోశారురా. నీ తప్పు కాదు, చట్టం అలా ఉంది. ఇప్పుడు తిరిగి మోసే వంతు నీకొచ్చింది. ఈ పూటకే చిరునామా మార్చుకుంటావా?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. మా కోడలు వంటింట్లోంచి వింటోందని గిన్నెల చప్పుడు ఆగిపోవడంతో తెలిసింది.

తరవాత వాడు నెమ్మదిగా అన్నాడు: "నాన్నా, మన రేషను కార్డు గుర్తుందా?"

ముంచుకొస్తుందన్నానే, ఇదే అది.

1980ల్లో సంగతి. నా ఉద్యోగం టౌనులో, కాపురం టౌనులో. టౌనులో మాకు రేషను కార్డుంది. కానీ ఊళ్లో మా నాన్న కార్డులో నా పేరూ, మా ఆవిడ పేరూ, పిల్లల పేర్లూ కొట్టించలేదు. నెల నెలా మనిషికింతని పంచదార, కిరసనాయిలు రెండు చోట్లా వచ్చేవి. ఊరి నుంచి పంచదార సంచీ బస్సులో తెచ్చేవాణ్ణి. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఒకసారి బస్సులో వాడు, "నాన్నా, మనం ఊళ్లో ఉన్నట్టు రాశారా, ఇక్కడున్నట్టు రాశారా?" అని అడిగాడు. నోర్ముయ్యమన్నాను. బస్సులో పక్కవాడు నవ్వాడు.

అప్పటి నా వాదనలు కూడా మూడే. జీతం చాలదు. అందరూ చేస్తున్నారు. ఒక్కడి పంచదారతో సర్కారు మునగదు. పగలంతా జనం గుమ్మాల్లో నిలబడి ఈ వాదనలకు జవాబులు చెప్పి, నెలకొకసారి అవే చంకన పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. ఎనిమిదేళ్ల పిల్లవాడు అది మరిచిపోయాడనుకున్నాను. పిల్లలు పాఠాలు మరిచిపోతారు గానీ ఇలాంటివి మరిచిపోరు.

"గుర్తుంది," అన్నాను. "అది తప్పేరా. అప్పుడు నువ్వడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా నోరు మూయించాను. ఇప్పుడు చెప్తున్నాను. మనం టౌనులోనే ఉన్నాం."

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన జవాబుకి నవ్వేం వస్తుంది?

తప్పు చేసినవాడికి నీతి చెప్పే హక్కుందా అని మీరడగొచ్చు. నేనూ ఆ రాత్రంతా అదే అడుక్కున్నాను. నాకు తోచిందేమిటంటే, చెయ్యనివాడు చెప్తే అది ఉపదేశం. చేసినవాడు తప్పొప్పుకుని చెప్తే అది సాక్ష్యం. కోర్టులో ఉపదేశానికి విలువ లేదు, సాక్ష్యానికే ఉంది. ఆ రెండో పంచదార ఎంత తియ్యగా ఉండేదో నేను సాక్ష్యం చెప్పగలను. ఇంటికి తెలిసినవాళ్లు వచ్చినప్పుడు డబ్బా లోపలికి జరిపేవాళ్లమని కూడా చెప్పగలను.

మర్నాడు పొద్దున వాడు ఆ ఫారం తెరిచి నాకు చూపించాడు. గడిలో న్యూజెర్సీ అని ఉంది. నా మాటల వల్ల రాశాడో, కూతురి లైబ్రరీ వల్ల రాశాడో, "మీ అన్నయ్యల లెక్కలు మనకొద్దు" అని మా కోడలు అనడం వల్ల రాశాడో నాకు తెలియదు. మూడోదే అయి ఉంటుందని నా అనుమానం.

"సరేనా?" అన్నాడు.

"సరే" అన్నాను. కానీ నాలో ఇంకో పురుగు తొలవడం మొదలుపెట్టింది. ఆ ఫారంలో ఎక్కడుంటున్నారని ఒక గడి, ఎక్కడ పని చేస్తారని ఒక గడి. కాపురం పెట్టుకున్న ఊరికీ, కూడు పెట్టే ఊరికీ రాష్ట్రాలు కోర్టులకెక్కి మరీ వాటా తేల్చుకుంటున్నాయి. వీడు పలక పట్టి అక్షరాలు దిద్దిన జిల్లా పరిషత్తు బడి, ఫీజు లేకుండా చదివిన సర్కారు ఇంజనీరింగు కాలేజీ, వాటికి డబ్బు కట్టిన జనం, వాళ్లు ఏ గడిలో ఉన్నారు? వాళ్లలో నేను గుమ్మం గుమ్మం తిరిగి వంద రూపాయలు వసూలు చేసినవాళ్లూ ఉన్నారు. ఆ పావురాళ్ల గూటాయన కూడా చివరికి బకాయితో సహా కట్టాడు.

ఆ ఉప్పుకి మావాణ్ణి లెక్క అడిగే చట్టం లేదు. లేదు కనక బాకీ లేదనుకోవాలా? చట్టం అడిగితేనే బాకీ అయ్యేటట్టయితే, మావాడు టెక్సస్ అని రాసి దొరక్కపోతే అది తప్పు కాకుండా పోయేది కదా!

ఈ సంగతి మావాడితో అనలేదు. ఒక వారంలో రెండు నీతులు చెప్పడం ఆరోగ్యానికి మంచిది కాదు. కానీ నిన్న వాడే కంప్యూటరు ముందు కూచుని, "నాన్నా, మన ఊరి బడికి ఇప్పుడు హెడ్మాస్టరెవరు?" అని అడిగాడు.

"ఎందుకురా?" అన్నాను.

"ఊరికే" అన్నాడు.

నేను గుచ్చి గుచ్చి అడగలేదు. మా తమ్ముడికి ఫోను చేసి హెడ్మాస్టరుగారి పేరూ, ఫోను నెంబరూ కనుక్కుని, ఒక కాయితం మీద రాసి వాడి కీబోర్డు పక్కన పెట్టాను. కాయితం మీద బడి చిరునామా కూడా పూర్తిగా, పిన్‌కోడుతో సహా రాశాను. ఈసారి తప్పు లేకుండా.